మీకు ఉత్తరము వచ్చినది

నల్లని తెర. దానిమీద ఒక మూల మినుకుమినుకుమనుచున్న చిన్న గీత. బొమ్మలు లేవు, రంగులు లేవు. పేరును రహస్యపదమును తెలిపి లోపలికి వచ్చినవానికి ఆ తెర ఒకే ఒక వాక్యమును చూపును: మీకు ఉత్తరము వచ్చినది. యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థలోను, దాని సంతతియనదగిన లినక్స్ మొదలగువానిలోను దాదాపు అర్ధశతాబ్ది కాలముగా ఈ వాక్యము కనబడుచున్నది. దానిని చూచినవాడు ‘మెయిల్’ అని నాలుగు ఆంగ్లాక్షరములు కొట్టును. ఉత్తరము తెరమీద పరచుకొనును. అంతే.

చేతిలోని టెలిఫోనులో ఉత్తరములు చదువుకొను నేటివారికి ఇది పాతకాలపు ముచ్చటగా తోచవచ్చును. అయినను ఒక్క సంగతి ఆలోచింపుడు. నేడు మన ఉత్తరములు మనయొద్ద లేవు. ఏదో ఒక పెద్ద సంస్థవారి భవనములో, వారి యంత్రములలో ఉన్నవి. మనము కిటికీలోనుండి చూచి చదువుకొని వచ్చుచున్నాము. ఎన్నడైన వారు ఆ కిటికీ మూసినచో, ఇరువది యేండ్ల ఉత్తరములు ఒక్క దినమున మనకు కాకుండ పోవును. మొదటినుండియు వ్యవహారము ఇట్లు లేదు. ఉత్తరముల పెట్టె ఒకప్పుడు మన గదిలోనే ఉండెడిది. అది ఎట్లు ఏర్పడెనో, ఎట్లు ఇల్లు వదలి పోయెనో, తిరిగి తెచ్చుకొను దారి కలదో లేదో ఈ ప్రసంగమున ముచ్చటించెదము.

ముందుగా ఒక మాట. కంప్యూటరుచేత పని చేయించుకొనుటకు రెండు పద్ధతులు కలవు. తెరమీది బొమ్మను చూపి చేయించుకొనుట ఒకటి. పని పేరును అక్షరములలో వ్రాసి ఆజ్ఞాపించుట మరియొకటి. రెండవదే పాతది, దానిని ఆజ్ఞాపంక్తి యందురు. మేము చెప్పబోవు తపాలా కథ అంతయు ఆ పంక్తిమీద నడచినదే.

1960 దశకపు తొలినాళ్లలో కంప్యూటరు అనగా గది నిండిన యంత్రము. అమెరికాలో ఎం.ఐ.టి. అని ప్రసిద్ధికెక్కిన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున ఒక నూతన వ్యవస్థ సిద్ధమైనది. ఐ.బి.ఎం. వారి యంత్రమొక్కటే క్షణమొకరి పని, క్షణమింకొకరి పని చేయుచు, ఒకేసారి అనేకులకు ఊడిగము చేసెడిది. ఎవరి బల్లయొద్ద వారు కూర్చుండి, యంత్రమంతయు తమదేయని భావించుకొనెడివారు. అందరి ఫైళ్లును ఆ ఒక్క యంత్రములోనే ఉండుటచే, ఒకరికొకరు చెప్పదలచిన మాటను ఒక ఫైలులో వ్రాసి, దానికి ఎదుటివాని పేరు పెట్టి, అందరికి కనబడు చోట వదలు అలవాటు ఏర్పడెను. మన పల్లెలలో రచ్చబండమీది మనిషితో కబురు విడిచిపోవుట వంటిదే ఇది. కబురు చేరును గాని నలుగురును వినెదరు.

ఈ లోపమును సవరించుటకు 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అను ఇద్దరు ‘మెయిల్’ అను ఆజ్ఞను వ్రాసిరి. అటువంటి ఆజ్ఞ ఉండవలెనని అంతకు కొద్దికాలము ముందే అచటి ఉద్యోగుల పత్రమొకటి సూచించినది. ఆ పత్రము ఆశించిన ప్రయోజనములు చాల స్వల్పములు: మీ ఫైలు భద్రపరచితిమని యంత్రశాలవారు తెలుపుట, ఫలానా ఆజ్ఞలో తప్పున్నదని దాని కర్తకు విన్నవించుట మొదలగునవి. స్నేహితులు క్షేమసమాచారములు వ్రాసికొందురని ఎవరును అనుకొన్నట్లు లేదు. ఆ ఆజ్ఞలోని సారమంతయు ఒక్క నియమములో ఉన్నది. పెట్టెలో ఉత్తరము వేయుటకు ఎవరికైనను హక్కు కలదు. తీసి చదువుటకు మాత్రము యజమానికే. మన వీధి తపాలాపెట్టెకు చీలిక ఒకవైపు, తాళము మరియొకవైపు ఉండుట ఇందుకే గదా!

ఇక యూనిక్స్ పుట్టుకకు వచ్చెదము. ఎం.ఐ.టి. వారును, జనరల్ ఎలక్ట్రిక్ వారును, బెల్ టెలిఫోన్ ప్రయోగశాలవారును కలసి ‘మల్టిక్స్’ అను మహావ్యవస్థను కట్టబూనిరి. పని సాగి సాగి ఎంతకును తెమలకుండుటచే 1969లో బెల్ వారు తప్పుకొనిరి. ఆ ప్రయోగశాలలోని కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగు కొలదిమంది, మూలబడియున్న చిన్న యంత్రమొకటి సంపాదించి, తమకు కావలసినంత మట్టుకు చిన్న వ్యవస్థను తామే నిర్మించుకొనిరి. మల్టిక్స్‌ను వెక్కిరించు పేరే యూనిక్స్. పెద్ద మేడ కట్టబోయి విసిగినవారు పూరిపాక వేసికొన్నట్లు ఇది జరిగినది. తుదకు లోకమంతయు ఆ పాకలోనే కాపురము పెట్టినది.

1971 నవంబరు 3వ తేదీ వేసిన దాని మొదటి కరదీపికలోనే ‘మెయిల్’ అను ఆజ్ఞకు ఒక పుట కలదు. నాటికి తెర లేదు. టైపుకొట్టు యంత్రము వంటి టెలిటైపు ఉండెడిది. సెకనుకు పది అక్షరముల చొప్పున టకటకమని కాగితముమీద ముద్రించెడిది. యూనిక్స్ ఆజ్ఞల పేర్లు రెండు మూడు అక్షరములకు కుదించుకొనిపోవుటకు ఈ నెమ్మదితనమే కారణమని చెప్పుదురు. ఆ టెలిటైపుమీద ‘మెయిల్’ అని కొట్టగానే, మీ గూటిలో ‘మెయిల్‌బాక్స్’ అను ఫైలు ఉన్నదేమోయని యంత్రము చూచును. ఉన్నచో ముద్రించును. పిదప, దీనిని దాచమందురా అని అడుగును. ఔనన్నచో ‘ఎంబాక్స్’ అని పేరు మార్చి దాచును. కాదన్నచో తుడిచివేయును. వేరు యంత్రాంగమేమియు లేదు. పెట్టె అనగా మీ గూటిలోని ఒక మామూలు ఫైలు. ఉత్తరము వచ్చుట అనగా ఆ ఫైలు చివర నాలుగు పంక్తులు చేరుట.

ఇంత సులువుగా ఉండుటవలన ఒక మేలు కలిగినది. 1980 దశకములో దాచిన ఉత్తరముల ఫైలును నేటి యంత్రములో తెరచినను అక్షరము పోకుండ కనబడును. ప్రత్యేకమైన పనిముట్టు అక్కరలేదు. ఆనాడు ఖరీదైన కార్యక్రమములతో వ్రాసిన పత్రములను తెరువలేక మేము చేతులు ముడుచుకొని కూర్చున్న సందర్భములు కలవు. ఉత్తరములు మాత్రము నిలచినవి.

సులువులోనే ఒక చిక్కును దాగియున్నది. ఫైలులో ఒకదాని వెంట ఒకటి చేర్చిన ఉత్తరములలో, ఒకటి ఎచట ముగిసి రెండవది ఎచట మొదలగునో తెలియుట ఎట్లు? ‘ఫ్రమ్’ అను ఆంగ్లపదముతో మొదలగు పంక్తి వచ్చినచో అది క్రొత్త ఉత్తరమని యేర్పరచిరి. మరి ఉత్తరము వ్రాయువాడే ఒక పంక్తిని ‘ఫ్రమ్’ అని ఆరంభించినచో? యంత్రము దానిని వేరు ఉత్తరమని భ్రమించును. అందుచే అట్టి పంక్తికి ముందు బాణపుమొన వంటి గుర్తు నొకదానిని తగిలించు ఆచారము వచ్చినది. నేటికిని అప్పుడప్పుడు ఆంగ్లలేఖలలో కారణము తెలియని ఆ మొన పంక్తి మొదట కనబడుచుండును. అర్ధశతాబ్ది నాటి ఇబ్బందికి మిగిలిన మచ్చ అది.

ఇంతవరకు ఉత్తరము ఒకే యంత్రములోని వారి నడుమ తిరిగినది. ఊరిలోని ఉత్తరమే గాని పొరుగూరి ఉత్తరము కాదు. అదే 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున రే టాంలిన్సన్ అను ఇంజనీరు, అర్పానెట్ అను యంత్రజాలము మీదుగా ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు ఉత్తరము పంపెను. రెండు యంత్రములును ఒకే గదిలో ప్రక్కప్రక్కన ఉన్నవే. ఉత్తరము మాత్రము జాలము మీదుగానే వచ్చినది. మనిషి పేరును యంత్రము పేరును వేరుచేయుటకు ఆయన @ అను గుర్తును ఎన్నుకొనెను. మనుష్యుల పేర్లలో అది ఉండదుగదా యని ఆయన తలంపు. మొదట పంపిన మాటలేవో తనకు జ్ఞాపకము లేవని ఆయనయే చెప్పెను.

ఈ గుర్తు యూనిక్స్ వారికి పెద్ద తంటా తెచ్చిపెట్టినది. మల్టిక్స్ నుండి వచ్చిన ఆచారము ననుసరించి, యూనిక్స్‌లో పంక్తి తప్పుగా కొట్టినవాడు ఆ పంక్తినంతను రద్దుచేయుటకు నొక్కవలసిన గుర్తు సరిగా ఇదే! కష్టపడి చిరునామా కొట్టి, నడుమ @ నొక్కగానే, అంతవరకు కొట్టినదంతయు చెల్లకపోయెడిది. దానికి ముందు వాలుగీత నొకదానిని చేర్చి, ‘ఇది నిజముగా అక్షరమేనయ్యా’ అని యంత్రమునకు నచ్చజెప్పవలసివచ్చెడిది. తరువాత తరువాత రద్దు గుర్తునే మార్చుకొనిరి. నేడు పసిపిల్లలకు సైతము తెలిసిన ఈ గుర్తు, కొంతకాలము యూనిక్స్ వారి ఉత్తరములను పుట్టకముందే చంపుచుండెనని తలచినచో నవ్వు వచ్చును.

పైగా అర్పానెట్‌లో చేరుటకు అందరికి అర్హత లేదు. అది అమెరికా రక్షణశాఖ ధనముతో నడచునది. చేరలేనివారు ఏమి చేయవలెను? బెల్ ప్రయోగశాలలోని మైక్ లెస్క్ దీనికి ఒక ఉపాయము కనిపెట్టెను. యూనిక్స్ నుండి యూనిక్స్‌కు నకలు పంపు ఆ ఏర్పాటునకు యు.యు.సి.పి. అని పేరు. ఒక యంత్రము మామూలు టెలిఫోను తీగ మీద రెండవ యంత్రమును పిలుచును, ఇరువురును తమయొద్ద చేరిన మూటలను మార్చుకొందురు, పిలుపు ముగియును. రాత్రివేళ టెలిఫోను రుసుము తక్కువ గనుక పిలుపులు చాలవరకు రాత్రులందే నడచెడివి. 1978 నాటికి బెల్ సంస్థ లోపలనే 82 యంత్రములు ఇట్లు మాటలాడుకొనుచుండెను. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో ఇది విశ్వవిద్యాలయములకు చేరినది.

ఈ తపాలాలో చిరునామా వ్రాయుటయే ఒక విద్య. ఉత్తరము ఏయే యంత్రముల మీదుగా పోవలెనో వ్రాయువాడే వరుసగా చెప్పవలెను. ఒక్కొక్క పేరుకు నడుమ ఆశ్చర్యార్థకము నుంచవలెను. డెక్‌వ్యాక్స్! యూసీబీవ్యాక్స్! పిదప ఫలానా యంత్రము! తుదకు ఫలానా మనిషి! చూచువారికి చిరునామా అంతయు కేకలు వేయుచున్నట్లుండెడిది. నడుమ ఒక యంత్రము ఆ రాత్రి పిలువకున్నచో ఉత్తరము మరునాటి వరకు అచటనే పడియుండును. దూరపు ఉత్తరమునకు దినములు పట్టెడివి.

మాకు ఇందులో అన్నిటికన్న విలువైనదిగా తోచినది వేరొకటి. నడుమనున్న యంత్రములవారు ఇతరుల ఉత్తరములను ఊరకనే మోసెడివారు. టెలిఫోను బిల్లు తాము కట్టి, ముఖము తెలియనివాని ఉత్తరమును ముందుకు నడపెడివారు. బస్సు లేని రోజులలో బందరు పోవు మనిషి చేతికి నాలుగిండ్లవారు నాలుగు ఉత్తరములు ఇచ్చుట మన పెద్దలకు అనుభవమే. ఆయన కూలి అడుగడు, చదువడు, పారవేయడు. యూనిక్స్ తపాలాయందు ఆ నమ్మకమే మూలధనము.

మన దేశములో కూడ తపాలా ఈ దారినే వచ్చినది. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము సాయముతో ‘ఎర్నెట్’ అను విద్యాజాలమును ఆరంభించినది. బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము, బెంగుళూరు విజ్ఞానసంస్థ, ఐ.ఐ.టి.లు అందు పాలుపంచుకొన్నవి. టెలిఫోను తీగల మీద యు.యు.సి.పి. మూటలే తొలి ఉత్తరములు. తీగ తెగుట, గొణుగుడు, తప్పు నంబరు, ఇవన్నియు మన టెలిఫోనుల సంగతి తెలిసినవారు ఊహింపగలరు.

ఇంతలో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున రెండు ముఖ్యమైన పనులు జరిగినవి. 1978లో కర్ట్ షోయెన్స్ అను విద్యార్థి క్రొత్త ‘మెయిల్’ వ్రాసెను. పాతది ఉత్తరములన్నిటిని వరుసగా ముద్రించి ఊరకుండెడిది. ఇది ముందుగా పట్టిక చూపును: ఎవరు వ్రాసిరి, ఎప్పుడు, ఏ విషయము. సంఖ్య చెప్పినచో ఆ ఉత్తరము. ‘డి’ అన్నచో తుడుపు. ‘ఆర్’ అన్నచో జవాబు. ఉత్తరము వ్రాయునప్పుడు పంక్తి మొదట అలవంటి గుర్తు ఉంచి ఒక అక్షరము కొట్టినచో, వ్రాసినదంతయు పెద్ద సంపాదకములో తెరచుకొని దిద్దుకొనవచ్చును. నేటికిని లినక్స్ యంత్రములలో ‘మెయిల్’ అని పిలిచినచో తరచు పలుకునది ఈ బర్క్లీ మెయిల్ యొక్క వారసుడే. ఉత్తరము రాగానే హెచ్చరించు చిన్న ఆజ్ఞకు అచటి కుక్క పేరు ‘బిఫ్’ అని పెట్టిరి. ఆ కుక్క తపాలాబంట్రోతును చూచి మొరిగెడిదనుట మాత్రము కల్పనయేనని దానిని ఎరిగినవారు చెప్పిరి.

రెండవ పని ఎరిక్ ఆల్మన్‌ది. బర్క్లీలో అర్పానెట్ చేరిన యంత్రము ఒక పరిశోధనశాలయందుండెను. దానియందు చోటు కొలది. అందరును ఆ యంత్రములో ఖాతా కావలెనని అడుగసాగిరి. విచారింపగా వారికి కావలసినది యంత్రము కాదు, ఉత్తరములు మాత్రమే! కావున ఉత్తరములను అటనుండి ఇతర యంత్రములకు పంచు కార్యక్రమమును ఆయన వ్రాసెను. అదియే పెరిగి 1983లో ‘సెండ్‌మెయిల్’ అయినది. దీనితో తపాలాలో పని విభాగము స్థిరపడినది. వ్రాయించి చదివించువాడు ఒకడు; ఊరికి ఊరికి మోయువాడు ఒకడు; పెట్టెలో వేయువాడు ఒకడు. ఒకని మార్చినను తక్కినవారు తమ పని తాము చేసికొనిపోవుదురు. కరణము మారినంత మాత్రమున రన్నరు మారవలెనా?

సెండ్‌మెయిల్ నాటి చిరునామాల గందరగోళమునంతను అర్థము చేసికొనవలసివచ్చినది. ఆశ్చర్యార్థకముల చిరునామా ఒకటి, @ చిరునామా ఒకటి, రెండును కలిసినది ఇంకొకటి. అందుచే దాని అమరిక ఫైలు మంత్రశాస్త్రమువలె తయారైనది. డాలరు గుర్తులు, కోణములు, నక్షత్రములు తప్ప చదువదగిన మాట అందు అరుదు. మేము పనిచేసిన ఒక కార్యాలయమున ఇద్దరు మిత్రులు సెలవుమీద పోవుచు, ఒకరి ఉత్తరములు ఒకరికి పంపవలసినదని యంత్రమునకు చెప్పిపోయిరి. ఇరువురును ఒకే వారము వెళ్లిరి! వచ్చిన ప్రతి ఉత్తరమును వీరి పెట్టె నుండి వారి పెట్టెకు, వారి పెట్టె నుండి వీరి పెట్టెకు తిరిగి తిరిగి, ఇక చాలునని వ్యవస్థ త్రిప్పికొట్టెను. పాపము, వ్రాసినవారికి ఆ ఉత్తరము తాను త్రొక్కిన గడపల ముద్రలన్నిటితో తిరిగి చేరినది.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఉత్తరములు మోయు యంత్రములు మాటలాడుకొను విధానమును నిబంధనగా ప్రకటించెను. దానిని ఎస్.ఎం.టి.పి. అందురు. అది చదువరులకు సైతము తెలియదగిన సంభాషణ. వచ్చిన యంత్రము ముందు తన పేరు చెప్పి నమస్కరించును. ఎదుటి యంత్రము 250 అనును, మంచిదని అర్థము. ‘ఫలానావారి నుండి’ అనును, 250. ‘ఫలానావారికి’ అనును, 250. ‘ఇదిగో ఉత్తరము’ అనును; 354, కానిమ్మని అర్థము. ఉత్తరమంతయు చదివి, చివర ఒక్క చుక్క మాత్రమే ఉన్న పంక్తిని పలికినచో ఉత్తరము ముగిసినట్లు. ఆజ్ఞాపంక్తి తెలిసిన మనిషి తానే యంత్రమునైతినని ఈ మాటలు స్వయముగా కొట్టి ఉత్తరము పంపవచ్చును. మేమును ఒకప్పుడు అట్లు పంపి సంతోషించితిమి.

సంతోషముతో పాటు భయమును కలిగినది. ‘ఫలానావారి నుండి’ అన్నప్పుడు, నీవు నిజముగా ఫలానావాడవేనా అని ఎదుటి యంత్రము అడుగలేదు! ఎవరి పేరు చెప్పినను నమ్మినది. బందరు పోవు మనిషి నాటి నమ్మకమే ఇచటను.

ఆ నమ్మకమునకు మొదటి పెద్ద దెబ్బ 1988 నవంబరు 2వ తేదీ రాత్రి తగిలినది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ తనంత తాను వ్యాపించు కార్యక్రమము నొకదానిని వదలెను. అది ప్రవేశించిన ద్వారములలో సెండ్‌మెయిల్ ఒకటి. దానిని పరీక్షించుటకై వ్రాసినవారు ఉంచుకొన్న ప్రక్కవాకిలి అనేక యంత్రములలో మూయకుండ మిగిలిపోయెను. ఆ వాకిట, ఉత్తరము మనిషికి బదులు ఆజ్ఞకే చేరును. యంత్రము ఆ ఆజ్ఞను నెరవేర్చును. ఉత్తరము చదువబడుటకు మారు అమలుజరిగినది! వేలకొలది యంత్రములు కుంటుపడినవి. ఆ యువకుని తండ్రి బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ రహస్యపదముల భద్రతకై పాటుపడినవాడగుట విధి చేసిన వేళాకోళము.

రెండవ దెబ్బ వర్తకులది. 1990 దశకములో వ్యాపారప్రకటనలు వేలుగా లక్షలుగా ఇతరుల యంత్రముల మీదుగా ఊరకనే ప్రవహింపసాగెను. ఉచితముగా మోసినవాని భుజమే విరిగినది. ఒకరి తరువాత ఒకరు తలుపులు మూసికొనిరి. తమవారి ఉత్తరములు తప్ప మోయమనిరి. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. కాని ఆ తలుపులతో పాటు పెట్టెయు ఇల్లు వదలుటకు సిద్ధమైనది.

పెట్టె తరలుటకు ఇంకొక కారణము కలదు. విశ్వవిద్యాలయపు యూనిక్స్ యంత్రము రాత్రింబవళ్లు మేల్కొనియుండును. ఇండ్లకు వచ్చిన చిన్న కంప్యూటరులు రాత్రి ఆర్పబడును; ఆరిన యింటికి తపాలా రాజాలదు. కావున ఉత్తరములు సంస్థవారి యంత్రములో నిలువయుండి, మనము మేల్కొన్నప్పుడు తెచ్చుకొను పద్ధతులు ఏర్పడెను. 1984 నాటి ‘పాప్’ తెచ్చి ఇంట ఉంచుకొనునది. 1986లో మార్క్ క్రిస్పిన్ మొదలిడిన ‘ఐమాప్’ అచటనే ఉంచి చూచుకొనునది. సౌకర్యము రెండవదానియందు ఎక్కువ. అందుచే లోకము దాని వెంట పోయినది.

మన దేశపు ఇండ్లకు 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమువారు ఇంటర్నెట్ తెచ్చినప్పుడు, చౌకగా దొరకు ఖాతా అక్షరముల తెర మాత్రమే కలది. మోడెము కీచుమని అరచి తీగ కలిసిన పిదప నల్లని యూనిక్స్ తెర వచ్చును. అందు ఉత్తరములు చదువుటకు ‘పైన్’ అను కార్యక్రమము. సియాటిల్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 1989లో, కంప్యూటరు తెలియని గుమాస్తాల కొరకు దానిని ఆరంభించిరి. ఏ అక్షరము నొక్కిన ఏమి జరుగునో తెర అడుగున వ్రాసియుండును. అమెరికాలోని కొడుకు ఉత్తరమును హైదరాబాదులో తండ్రి మొదట చదివినది అనేక గృహములలో ఆ తెరమీదనే.

ఆ ఉత్తరములు తెలుగులో వ్రాసికొనుటకు వీలు లేదు. నాటి తపాలా మోయగలిగినది 128 గుర్తులే. అవియు ఆంగ్లమునకు సరిపోవునవి. 1990 దశకపు తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు ఆంగ్లాక్షరములతోనే తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని కట్టుదిట్టముగా ఏర్పరచిరి. చిన్నబడి ‘టి’ తకారము, పెద్దబడి ‘టి’ టకారము. చిన్నబడి ‘ఎల్’ లకారము, పెద్దబడి ‘ఎల్’ ళకారము. ఇల్లు విడిచి పదివేల మైళ్లు వచ్చినవారు కళకును కలకును తేడా చెడకుండ కాపాడుకొన్నారు! పిదప 1991లో యూనికోడ్ మొదటి కూర్పున తెలుగు లిపికి స్థానము దొరికినది. 1992లో అన్ని లిపులను, బొమ్మలను సైతము పాత తపాలా మోయునట్లు మూటకట్టు ‘మైమ్’ నిబంధన వెలువడెను. ఆ యేడే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 అను లేఖనవిధానమును రచించిరి. మొదటి యూనిక్స్ కట్టిన చేతియే ఇందును ఉండుట గమనింపదగినది. ఆ విధానములో తెలుగు అక్షరసంకేతము ఒక్కొక్కటి మూడు గళ్లు ఆక్రమించును. నేడు నల్లని తెరమీది ఉత్తరములో ‘అమ్మా’ అని మన లిపిలోనే వ్రాయవచ్చును. ఒత్తులు గుణింతములు మాత్రము కొన్ని తెరలమీద ఇంకను చెదరి కనబడును. ఆ తెరలు అక్షరమునకొక గడి చొప్పున కొలిచి కట్టినవి గదా.

ఇక తిరిగి తెచ్చుకొను మార్గము. స్వంతముగా సెండ్‌మెయిల్ వంటిది నిలిపి, లోకముతో నేరుగా ఉత్తరములు నడపవచ్చునా? సాధనములకు కొదువ లేదు. 1998లో వీట్సె వెనెమా ఇచ్చిన ‘పోస్ట్‌ఫిక్స్’ దానికన్న ఎంతయో సులువు. చిక్కు సాధనములో లేదు. గృహములకు ఇచ్చు కనెక్షనులలో ఉత్తరములు పోవు 25వ వాకిలిని చాలమంది సరఫరాదారులు మూసియుంచుదురు. తెరచినను, ఈ యంత్రము మా పేరిట వ్రాయుటకు అధికారము కలదని ప్రకటించు పత్రమును, ఉత్తరము మధ్యలో మార్పబడలేదని తెలుపు ముద్రను లోకమునకు చూపవలెను. 2006, 2007లలో నిబంధనలకెక్కిన ఈ ఏర్పాటులు న్యాయమైనవే. ‘నీవెవరవు’ అని నాడు అడుగని ప్రశ్న నేడు అడుగుచున్నారు. అన్నియు చూపినను క్రొత్తవాని ఉత్తరము పెద్ద సంస్థలవారి చెత్తబుట్టలో పడుట కలదు. ఓపిక కలవారు చేయుదురు. మేము చేయుమని సలహా ఇయ్యము.

మేము అనుసరించునది నడిమి మార్గము. మోయువాడు ఎవరైనను కానిండు, పెట్టె మాత్రము ఇంట ఉండవలెను. దీనికి ముగ్గురు పనివాండ్రు చాలును. ‘ఎంబీసింక్’ అనునది సంస్థవారి యంత్రమునకు పోయి, అచటి ఉత్తరములకెల్ల నకలు తెచ్చి మన గూటిలో పెట్టును. ఇచట ఒక్కొక్క ఉత్తరము ఒక్కొక్క ఫైలుగా ఉండును గనుక పాత ‘ఫ్రమ్’ బాధ లేదు. 1995లో మైకేల్ ఎల్కిన్స్ ఆరంభించిన ‘మట్’ అనునది పట్టిక చూపి చదివించును. ‘ఎమ్’ నొక్కిన క్రొత్త ఉత్తరము, ‘వై’ నొక్కిన పంపుట. వ్రాసినదానిని ‘ఎం.ఎస్.ఎం.టి.పి.’ అను చిన్నవాడు తీసికొనిపోయి, సంస్థవారి 587వ వాకిట మన గుర్తింపు చూపి అప్పగించును. ఒక్కొక్కనికి ఒక్కొక్క అమరిక ఫైలు. అందు యంత్రము పేరు, మన పేరు, గూటి చిరునామా ఉండును. రహస్యపదము మాత్రము ఆ ఫైలులో విప్పి వ్రాయరాదు. తాళము వేసిన చోట ఉంచి, అచటినుండి అడిగి తెచ్చుకొమ్మని చెప్పవలెను. ఫైలును తాము తప్ప ఇతరులు చదువలేనట్లు అనుమతులు బిగింపవలెను.

రెండు హెచ్చరికలు. 2022 మే నెలాఖరున గూగుల్ సంస్థవారు మామూలు రహస్యపదముతో ఇట్టి కార్యక్రమములు తమ వాకిట ప్రవేశించుటను వ్యక్తుల ఖాతాలకు నిలిపివేసిరి. రెండంచెల గుర్తింపు పెట్టుకొని, ఆ కార్యక్రమము కొరకే ప్రత్యేక పదము పుట్టించుకొనవలెను; లేనిచో ఎంత సరిగా అమర్చినను తలుపు తెరువబడదు, కారణము తెలియక రాత్రియంతయు జాగరము చేయవలసివచ్చును. రెండవది మరింత ముఖ్యము. ఎంబీసింక్ రెండువైపులను సమానము చేయునది. అమరికను బట్టి, ఇచట తుడిచినది అచటను, అచట తుడిచినది ఇచటను పోవచ్చును. ఇంటి పెట్టెకు ఇంకొక నకలు వేరు పళ్లెముమీద ఉండినగాని అది పెట్టె అనిపించుకొనదు.

ఇంతయు అమర్చుకొని లినక్స్ యంత్రము ముందు కూర్చున్నవారు ఒక దినము ఊహింపని పని చూతురు. ఏ మిత్రుడును వ్రాయకుండగనే, మీకు ఉత్తరము వచ్చినదని తెర చెప్పును. వేళకు పనులు చేయు ‘క్రాన్’ అను కావలివాడొకడు యూనిక్స్‌లో కలడు. అర్ధరాత్రి చేయుమన్న పనిలో ఏదేని మాట వినబడినచో, దానిని ఉత్తరముగా వ్రాసి యజమాని పెట్టెలో వేయుట వాని అలవాటు. ఆ ఉత్తరము జాలము దాటదు, రహస్యపదము అడుగదు, 1971లో వలెనే ఒక ఫైలు చివర నాలుగు పంక్తులుగా చేరును. లోకమున ఎన్నియో యంత్రములలో ‘రూట్’ అను పెద్దయజమాని పేరిట ఇట్టి ఉత్తరములు సంవత్సరముల తరబడి చదువువారు లేక పేరుకొనియున్నవి. పళ్లెము నిండుచున్నదనియో, నకలు తీయుట విఫలమైనదనియో అందు వ్రాసియుండును. మా యంత్రములోనే మొన్న తెరచి చూడగా అట్టివి నాలుగు వందలకు పైగా ఉన్నవి. మొదటిదానినుండి చదువనారంభించితిమి.